నాన్నగారి నంబరుకి ప్రభాస్ బొమ్మ

2024 సంక్రాంతి. భోగి రోజు పొద్దున్నే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో నాన్నగారి పేరు పక్కన ప్రభాస్ ఫొటో ప్రత్యక్షమైంది. మా నాన్నగారు ముప్పై ఏళ్ళ పైచిలుకు లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పాలకొల్లు క్షీరారామం గాలిగోపురం ముందు పంచె కట్టుకుని దిగిన ఫొటో తప్ప ఇంకోటి పెట్టి ఎరగరు. ప్రభాస్ మా పక్క మొగల్తూరు వాళ్ళ అబ్బాయే కాబట్టి అభిమానం ఉంటే ఉండొచ్చు గానీ, మరీ ఈ వయసులోనా :-)

మొదట మా చిన్నాడి పనే అనుకున్నాం. వాడు ఒట్టేసి కాదన్నాడు. తీరా చూస్తే నాన్నగారి ఫోన్లో వాట్సాప్ మళ్ళీ నంబరు అడుగుతోంది. ఆ నంబరుకే ఫోన్ చేశాను. ఎవరో కుర్రాడు ఎత్తాడు.

"ఎవరండీ?"

"ఇది మా నాన్నగారి నంబరండీ..."

"కాదండీ, నాదేనండీ. కొత్త సిమ్మండీ, మొన్న గూడెంలో తీసుకున్నాను, ఆయ్" అన్నాడు.

అబద్ధం ఏమీ లేదు. ఆ నంబరు అతనిదే. పధ్నాలుగేళ్ళు మా నాన్నగారిది, అప్పటికి వారం రోజులుగా అతనిది. ఇంతకీ తప్పెవరిదీ అంటే... నాదే. అది ఎలాగో చెప్పడానికే ఇదంతా.

2023 ఏప్రిల్‌లో అమ్మా నాన్నగారూ మా తమ్ముడి దగ్గరికి డల్లాస్ వెళ్ళారు. ఆరు నెలలు. ఇంట్లో "సాఫ్ట్‌వేర్ వాడు" ఉంటే తెలుసు కదా, చార్జర్ పాడైనా వాడినే అడుగుతారు. నాన్నగారు అడిగారు, "ఒరేయ్, నా ఫోన్ అక్కడ పని చేస్తుందా?" అని. నేను ఎంతో అనుభవజ్ఞుడిలా చెప్పాను: "రోమింగూ గీమింగూ ఏం వద్దు నాన్నగారూ, దండగ. తమ్ముడు అక్కడ లోకల్ ప్రీపెయిడ్ సిమ్ తీసి పెడతాడు. మన సిమ్ తీసి పాస్‌పోర్టు కవర్లో పడెయ్యండి, వచ్చాక వేసుకోవచ్చు."

ఆయన అక్షరాలా అలాగే చేశారు. సెల్లో టేపు వేసి మరీ అంటించారు.

అసలు నాకు ఈ సలహా ఎక్కడ ఒంటబట్టిందో చెప్పాలి. 2007లో మొదటిసారి ఆన్‌సైట్, లండన్. అప్పట్లో పోస్టుపెయిడ్ కనెక్షన్ ఉండటం ఒక హోదా. రోమింగ్ వేయించుకుని విమానం ఎక్కాను. అక్కడ దిగిన దగ్గర్నుంచీ ఇంటి నుంచి ఫోన్లే ఫోన్లు... "అన్నం దొరుకుతోందా", "చలి ఉందా" అని. వచ్చే కాల్‌కి కూడా డబ్బులు పడతాయన్న సంగతి బుర్రకెక్కలేదు. నెలాఖరున పదకొండు వేల చిల్లర బిల్లు వచ్చింది. అమ్మ "చలి ఉందా" అని అడిగిన ఒక్కో ప్రశ్నకీ ఎంత పడిందో నేను లెక్కేశాను గానీ ఆవిడకి చెప్పలేదు.

ఆ తర్వాత ఎవరో ఈస్ట్‌హామ్ తీసుకెళ్ళారు. అక్కడి వీధుల్లో లెబారా, లైకామొబైల్ సిమ్ములు కరపత్రాల్లా పంచేవారు. ఇంగ్లండులో ప్రీపెయిడ్ సిమ్‌కి గుర్తింపు కార్డు అడగరు. ఐదో పదో పౌండ్లు టాపప్ చేస్తే ఇండియాకి పెన్నీల్లో మాట్లాడుకోవచ్చు. వీళ్ళకెలా గిట్టుబాటు అవుతోందా అని ఆరా తీస్తే తెలిసింది, వీళ్ళకి సొంత టవర్లు ఉండవు. పెద్ద కంపెనీల నెట్‌వర్క్‌ని టోకున కొని చిల్లరగా అమ్ముతారు. మన కొబ్బరికాయల వ్యాపారం లాంటిదే. చెట్టు ఒకడిది, దింపు ఒకడిది, లారీ ఇంకొకడిది. వలస వచ్చినవాడు ఇంటికి మాట్లాడకుండా ఉండలేడన్న ఒక్క సత్యం మీద నడిచే వ్యాపారం. లైకా పెట్టినాయన శ్రీలంక తమిళుడు. రజనీకాంత్ '2.0'కి, 'పొన్నియిన్ సెల్వన్'కి డబ్బులు పెట్టిన లైకా ఇదే. అంటే మనం ఈస్ట్‌హామ్‌లో కొట్టిన టాపప్పుల్లో కాస్త రజనీకాంత్ దాకా వెళ్ళిందన్నమాట.

ఆ రోజుల్లో అమెరికా వెళ్ళేవాళ్ళకి ఇంకో తలనొప్పి. మన దగ్గర కొన్న నోకియా 1100 లాంటివి 900, 1800 బ్యాండ్ల మీద పనిచేసేవి. అక్కడేమో 850, 1900. దిగగానే ఫోన్ కాస్తా టార్చిలైటు అయిపోయేది (దానికి టార్చి ఉండటం అదృష్టం). ఆ బాధ పోయిందనుకుంటే 2022లో వాళ్ళు 3జీ తీసేశారు. ఇప్పుడు మీ ఫోన్ 4జీ అయినంత మాత్రాన చాలదు, అక్కడి నెట్‌వర్క్ మీద వోల్టీ కాల్ వెళ్ళాలి. ఫలానా మోడల్ ఆ కంపెనీ జాబితాలో లేదంటే ఇంటర్నెట్ వస్తుంది గానీ ఫోన్ మోగదు. సిమ్ కొనేముందు ఆ కంపెనీ సైట్లో ఐఎంఈఐ నంబరు కొట్టి చూసుకోవడం రెండు నిమిషాల పని. పెద్దవాళ్ళని పంపేవాళ్ళు ఇది మాత్రం మర్చిపోవద్దు.

సరే, అసలు విషయానికొస్తే, 2007లో నా సలహా నూటికి నూరుపాళ్ళూ సరైనదే. ఎందుకంటే అప్పుడు నంబరంటే నంబరే. పోతే కాంటాక్టులు పోయేవి, ఓ వారం తిట్టుకుని కొత్తది తీసుకునేవాళ్ళం. తర్వాత ఏం జరిగిందంటే, 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్లో కార్డు వాడితే రెండో తాళం ఉండాల్సిందే అని రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. మంచి నియమమే. ఆ రెండో తాళం నెమ్మదిగా ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీగా స్థిరపడిపోయింది. తర్వాత ఆధార్‌కి ఫోన్ నంబరు, పాన్‌కి ఆధార్, 2016లో యూపీఐ. యూపీఐ అయితే ఇంకో మెట్టు పైన. నమోదు చేసుకునేటప్పుడు మీ ఫోన్లో ఉన్న సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ బయటికి పంపి, ఆ సిమ్ ఆ ఫోన్లోనే ఉందని రూఢి చేసుకుంటుంది. ఇలా ఒక్కో ఇటుకా పేర్చి, పొలం పాసుపుస్తకం నుంచి పెన్షన్ దాకా అన్నిటినీ తీసుకెళ్ళి ఒక ప్లాస్టిక్ ముక్కకి కట్టేశాం. కట్టింది ఎవరో కాదు, మనమే. నేనూ రెండేళ్ళు బ్యాంకింగ్ ప్రాజెక్టులో చేశాను. "యూజర్ మొబైల్ నంబర్ ఎప్పటికీ మారదు" అని డిజైన్ డాక్యుమెంట్లో రాసి, రివ్యూలో ఎవరూ ప్రశ్నించకపోతే సంతోషించినవాణ్ణి.

నంబరేమో సొంత ఆస్తి కాదు. అద్దెకొంప. మన టీవీల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. 2013లో ట్రాయ్ పెట్టిన నియమం ప్రకారం ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు ఏ వాడకమూ లేకుండా పడి ఉంటే కంపెనీ తీసేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలు ఉంటే ఆ మొత్తం కోసుకుని నంబరు ఇంకొన్నాళ్ళు ఉంచాలన్న వెసులుబాటూ అందులోనే ఉంది. కానీ 2018 చివర్నుంచీ నెలనెలా కనీస రీచార్జి చేయించడం మొదలయ్యాక ఆ ఇరవై రూపాయల మాట జనం మర్చిపోయారు. తీసేసిన నంబరుని ఇంకో 90 రోజులు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టి, ఆ తర్వాత కొత్తవాళ్ళకి ఇచ్చేస్తారు. ఈ సంగతి 2023 నవంబర్‌లో సుప్రీం కోర్టు దాకా కూడా వెళ్ళింది. పాత నంబరు వదిలేసేవాళ్ళే తమ వాట్సాప్ సమాచారాన్ని ముందుగా చెరిపేసుకోవాలి అన్నట్టుగా తేల్చారు. న్యాయంగా అది సబబే. కానీ నంబరు వదిలేస్తున్నామని తెలిసినవాడు కదా చెరుపుకునేది!

ఇప్పుడు లెక్క చూడండి (మాస్టారి కొడుకుని, లెక్క తప్పను). ఏప్రిల్ మొదట్లో వేసిన 84 రోజుల రీచార్జి జూన్ చివరికి అయిపోయింది. దాని మీద 90 రోజులు, సెప్టెంబర్ ఆఖరు. అక్టోబర్ మధ్యలో వాళ్ళు తిరిగొచ్చి టేపు ఊడదీసి సిమ్ వేస్తే సిగ్నల్ గీత రాలేదు. షాపులో అడిగితే "కట్ అయిపోయిందండీ, కొత్తది తీసుకోండి" అన్నారు. కస్టమర్ కేర్ వాళ్ళు ఒకరు అవుతుందన్నారు, ఒకరు కాదన్నారు. కొత్త నంబరు తీసుకున్నాం. ఆధార్ సెంటర్లో లైను, బ్యాంకులో ఫారం, సంతకం కలవలేదని ఇంకో ఫారం. పెన్షన్ పడే ఖాతాలో నంబరు మారడానికి నెల పైనే పట్టింది. ఆ నెల రోజులూ ఆయన మందుల డబ్బులకి కూడా ఏటీఎం కార్డు పట్టుకుని రోడ్డెక్కాల్సి వచ్చింది. వాట్సాప్ మాత్రం పాత నంబరు మీదే నడుస్తోంది కదా అని వదిలేశాం. డిసెంబర్ చివరితో రెండో 90 రోజులూ నిండాయి. జనవరిలో ప్రభాస్ వచ్చాడు.

ఆ పండక్కే మా వీధి చివరింటి అక్క కువైట్ నుంచి సెలవు మీద వచ్చింది. పాలకొల్లు, నరసాపురం, ఆచంట వైపు ఊళ్ళలో గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు లేని వీధి ఉండదు. మన ఐటీ వాళ్ళకి "ఫారిన్" అంటే ఆన్‌సైటే గానీ, మా వైపు మొదట ఫారిన్ వెళ్ళింది వీళ్ళు. అక్క చదివింది ఐదో తరగతి. నాన్నగారి సిమ్ కథ విని నవ్వి తన సంచిలోంచి చిన్న బటన్ల ఫోన్ తీసింది. డ్యూయల్ సిమ్. "ఒకటి ఆ దేశానిది, ఒకటి మన దేశానిది తమ్ముడూ. మనది ఎప్పుడూ తియ్యను. నెలనెలా మా అబ్బాయి ఇక్కణ్ణించి డబ్బులేస్తాడు" అంది.

ఎవరు నేర్పారని అడిగితే చెప్పింది. 2011లో మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడ సిమ్ కొనాలంటే సివిల్ ఐడీ, వాళ్ళ మాటలో బతాకా, కావాలి. అది చేతికి రావడానికి నెలలు పట్టింది. ఈలోగా ఇంటి యజమానురాలు తన పేరు మీద ఉన్న సిమ్ ఒకటి ఇచ్చింది. ఏడాదిన్నర తర్వాత ఇల్లు మారాల్సి వచ్చింది. సిమ్ వాళ్ళది కాబట్టి తీసేసుకున్నారు. "మా అబ్బాయి నంబరు ఒక్కటే నోటికొచ్చు. మిగతా అందరి నంబర్లూ అందులోనే ఉండిపోయాయి. పద్దెనిమిది రోజులు ఇంటికి మాట్లాళ్ళేదు. ఇక్కడ మా అత్తగారు ఏడుపులు, నేను పోయాననుకున్నారు" అంది. తర్వాత బతాకా రాగానే మొదటి జీతంలో చేసిన పని తన పేరు మీద సిమ్ కొనుక్కోవడం.

"సిమ్ము మన పేరు మీదుండాలి తమ్ముడూ. గొలుసు తాకట్టెట్టయినా సరే."

నేను పాతికసార్లు విమానం ఎక్కి ఉంటాను, ఈ మాట నాకు తట్టలేదు. మనకి లోకల్ సిమ్ అంటే మ్యాపులు చూసుకోవడానికి, ట్యాక్సీ పిలవడానికి. మహా అయితే రోమింగ్ డబ్బులు మిగలడానికి. ఆవిడకి అది నాలుగు గోడల బయటికి ఉన్న ఒకే ఒక తలుపు. ఇంటిపనివాళ్ళ కోసం కువైట్ 2015లో చట్టం చేసింది (68వ నంబరు చట్టం). వారానికో సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని రాశారు. బానే ఉంది. కానీ ఆ చట్టం ఉందని చెప్పేవాడికి ఫోన్ చెయ్యాలన్నా, రాయబార కార్యాలయానికి చెయ్యాలన్నా ముందు చేతిలో సిమ్ ఉండాలి కదా. ఎవరినైనా గల్ఫ్ పంపేటప్పుడు ఏజెంటుని జీతం ఎంత, టిక్కెట్టు ఎవరిది అని అడుగుతారు. ఆకామా వచ్చేదాకా ఏ నంబరు మీద మాట్లాడాలి, అది ఎవరి పేరున ఉంటుంది అని కూడా అడగమని నేను అందరికీ చెబుతున్నాను. నాలుగు నంబర్లు కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టమని కూడా.

"ఇప్పుడు రోమింగ్ ప్యాకులు చవకయ్యాయి కదా, ఈ లోకల్ సిమ్ గోల ఎందుకు" అనేవాళ్ళున్నారు. వారం రోజుల మీటింగుకి వెళ్ళేవాళ్ళ విషయంలో ఒప్పుకుంటాను. ప్యాకు వేసుకుని వెళ్ళి రండి, హాయి. కానీ నెల దాటితే ఆ లెక్క తేలదు. అదీగాక డబ్బొక్కటే కాదు, ఆ ఊరి నంబరు ఉంటే ఆ ఊరి మనిషి తిరిగి ఫోన్ చేస్తాడు. నాన్నగారికి డల్లాస్‌లో ఒకరోజు నడకకి వెళ్ళి దారి తప్పితే, పక్కింటి పెద్దాయన ఫోన్ చేయగలిగింది అక్కడి నంబరు ఉంది కాబట్టే. ప్లస్ 91 చూస్తే అక్కడ సగం మంది చెయ్యరు, ఎత్తరు. విమానం దిగకముందే కొనుక్కునే ఈ-సిమ్ములు వచ్చాయి, వాటిలో చాలావాటికి అసలు నంబరే ఉండదు, ఒట్టి డేటా. ఆస్పత్రి రిసెప్షన్లో "నంబరు చెప్పండి" అంటే చూపించడానికి ఏమీ ఉండదు. ఇక ఎయిర్‌పోర్టు కౌంటర్లో కొనడం అంటే సినిమా హాల్లో సమోసా కొనడమే. ఊళ్ళోకి వెళ్ళాక కొనండి. జర్మనీలో 2017 నుంచి గుర్తింపు చూపందే ప్రీపెయిడ్ సిమ్ పని చెయ్యదు, సింగపూర్‌లోనూ పాస్‌పోర్టు అడుగుతారు. జేబులో ఉంచుకోండి.

యూరప్ వాళ్ళు ఒక మంచి పని చేశారు. 2017 జూన్ 15 నుంచి ఐరోపా సమాఖ్యలో ఒక దేశం సిమ్‌తో ఇంకో దేశంలో ఇంటి రేటుకే మాట్లాడుకోవచ్చు. మన వాళ్ళు ఎమిరేట్స్, ఖతార్, కువైట్ దేశాలతో కూర్చుని అలాంటిదొకటి మాట్లాడకూడదా? లక్షలమంది మన కూలీలున్న చోట ఇన్‌కమింగ్ ఎస్సెమ్మెస్, అత్యవసర కాల్ మట్టుకైనా. ఆశ అంటారా, సరే ఆశే.

కొంత కదలిక లేకపోలేదు. 2023 జనవరిలో ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లతో ఎన్నారై ఖాతాలకి యూపీఐ పెట్టుకోవచ్చంది. అందులో ఒమన్, ఖతార్, సౌదీ, ఎమిరేట్స్ ఉన్నాయి, కువైట్ లేదు. మా అక్కకి అప్పటికి లాభం లేదు. డేటా అక్కర్లేనివాళ్ళకి ఒట్టి కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే ప్లాను పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో చెప్పాక 2025 జనవరి నుంచి అలాంటివి వచ్చాయి. విదేశంలో ఉన్నవాళ్ళ సిమ్ బతికించడానికి అవి బావున్నాయి. 2025 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ కొత్త ఆదేశాలిచ్చింది, ఓటీపీ ఒక్కటే కాక వేరే పద్ధతులూ వాడొచ్చని, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు అని. వాడొచ్చు అన్నారు గానీ ఎస్సెమ్మెస్ మానమనలేదు. మన బ్యాంకుల సంగతి తెలిసినవాణ్ణిగా నేను ఇప్పట్లో నాన్నగారికి ఇచ్చిన పాత సలహాకి తిరిగి వెళ్ళను.

అంచేత ఇప్పుడు నన్నెవరైనా అడిగితే నా సలహా మారింది. లోకల్ సిమ్ కొనండి, తప్పకుండా కొనండి. కానీ దాన్ని రెండో గదిలో వెయ్యండి. మొదటి గది ఇంటి నంబరుదే. వెళ్ళేముందు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి డేటా రోమింగ్ ఆఫ్ చెయ్యండి. ఎక్కువ కంపెనీల దగ్గర వచ్చే ఎస్సెమ్మెస్‌కి డబ్బు పడదు, మీ కంపెనీ సంగతి ముందే అడిగి రూఢి చేసుకోండి. కాల్స్ మాత్రం ఎత్తకండి, 2007 నాటి నన్ను గుర్తు తెచ్చుకోండి. ఉన్నన్నాళ్ళకీ సరిపడా రీచార్జి వేసి వెళ్ళండి. లేదంటే ఇక్కడున్నవాళ్ళలో ఒకరికి ఆ పని అప్పజెప్పండి, మా అక్క కొడుకులాగా. వాట్సాప్‌కి ఆరంకెల పిన్ను పెట్టుకోండి. అది పెట్టుకుని ఉంటే ఆ కుర్రాడు మా గ్రూపులోకి అంత తేలిగ్గా వచ్చేవాడు కాదు. అది చెప్పడం కూడా నేనే మర్చిపోయాను.

ఆ గూడెం కుర్రాడు మంచివాడు. ఎవరో ఏమిటో చూసుకుని "సారీ అండీ" అని మా గ్రూపులోంచి తనే బయటికెళ్ళిపోయాడు. వెళ్ళేముందు అమ్మ అరిసెల ఫొటో పెడితే దానికో చప్పట్ల బొమ్మ మాత్రం పెట్టాడు. ఆ తర్వాత రెండు నెలల పాటు పాత నంబరుకి ఏ మెసేజి వచ్చినా, "మాస్టారూ, ఇన్సూరెన్స్ వాళ్ళకి ఇంకా నంబరు మార్చలేదండీ మీరు" అని నాన్నగారి కొత్త నంబరుకి ఫోన్ చేసి చెప్పేవాడు. నాన్నగారు అతని పేరు ఫోన్లో ఏమని పెట్టుకున్నారో తెలుసా... "నేను - పాత".